చర్మ వ్యాధుల సూక్ష్మజీవులపై మూలికల సారం: ఏ పరీక్ష ఎప్పుడు ఎంచుకోవాలి

ఫార్మసీ, మైక్రోబయాలజీ పీజీ ప్రాజెక్టుల్లో తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది: ఫలానా ఆకు సారం చర్మానికి ఇన్ఫెక్షన్ తెచ్చే సూక్ష్మజీవులపై పనిచేస్తుందా? ప్రశ్న మంచిదే. పద్ధతి దగ్గరికొచ్చేసరికి చాలామంది అలవాటు కొద్దీ అగార్ (సూక్ష్మజీవులను పెంచే జెల్లీ లాంటి మాధ్యమం) ప్లేటు పోసి, వెల్స్ (అగార్‌లో గుండ్రని గుంటలు) కోసి, సారం నింపి, మర్నాడు జోన్ (గుంట చుట్టూ జీవి పెరగని వలయం) కొలిచి పట్టిక వేసేస్తారు. 18 మి.మీ. జోన్ వచ్చిన మొక్క గొప్పదని, 11 మి.మీ. వచ్చినది తక్కువదని రాసేస్తారు. ఆ పోలిక నిలబడదు. జోన్ వెడల్పు సారం బలాన్నే కాదు, అందులోని పదార్థం అగార్‌లో ఎంత దూరం పాకగలదో కూడా చెబుతుంది. రెండింటినీ విడదీసే దారి ఆ ప్లేటులో లేదు.

అందుకే పరీక్ష ఎంచుకునే ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి: ఏ జీవి, ఏ రకం సారం, దేనికి జవాబు కావాలి.

ముందు జీవి సంగతి

సెగగడ్డలు, చీము పొక్కులు, గాయాల్లో చీము అంటే ఎక్కువసార్లు స్టాఫిలోకాకస్ ఆరియస్. పిల్లల మూతి చుట్టూ తేనె రంగు పెచ్చులు కట్టే ఇంపెటిగోలో స్టాఫ్‌తో పాటు స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్ కూడా ఉంటుంది. కాలిన పుండ్లలో సూడోమోనాస్ ఎరుజినోసా, మొటిమల్లో క్యూటీబ్యాక్టీరియం ఆక్నెస్ (2016 దాకా దీన్ని ప్రొపియోనిబ్యాక్టీరియం అనేవారు), తామరలో ట్రైకోఫైటాన్ జాతులు, శోభి మచ్చల్లో, చుండ్రులో మలసేజియా, చర్మం ఒరుసుకుని తడిగా ఉండే మడతల్లో కాండిడా. గజ్జిని ఈ జాబితాలో కలపకండి. అది సార్కోప్టిస్ అనే కంటికి ఆనని పురుగు వల్ల వస్తుంది, దానికి అగార్ ప్లేటు పరీక్ష పనికిరాదు. వేపాకు గజ్జికి మంచిదని పెద్దలు చెప్పిన మాటను స్టాఫ్ మీద జోన్ చూపించి రుజువు చేయలేం.

ఈ జీవుల్లో అన్నీ ఒకే ప్లేటులో పెరిగేవి కావు. స్టాఫ్, సూడోమోనాస్ మామూలు ముల్లర్ హింటన్ అగార్ మీద పెరుగుతాయి. పయోజెనిస్‌కి అదే అగార్‌లో 5 శాతం గొర్రె రక్తం, ఇంక్యుబేటర్‌లో 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కావాలి. ఆక్నెస్ గాలి తగిలితే సరిగా పెరగదు. అనరోబిక్ జార్, గ్యాస్ సంచి, 37 డిగ్రీలు, 48 నుంచి 72 గంటలు కేటాయించాలి. మలసేజియా ఫర్ఫర్‌కి కొవ్వు లేకపోతే బతుకే లేదు. మాడిఫైడ్ డిక్సన్ అగార్ వంటి కొవ్వు కలిపిన మాధ్యమం, 32 డిగ్రీల దగ్గర కొన్ని రోజులు ఓపిక కావాలి. దాన్ని సాదా సాబొరాడ్ అగార్ మీద పూసి, మర్నాడు పెరుగుదల లేదని చూసి సారం పనిచేసిందనుకుంటే అది పూర్తి పొరపాటు. సారం లేని ప్లేటులోనూ అది పెరిగి ఉండేది కాదు. సారం లేకుండా జీవి ఒక్కదాన్నే పెంచే గ్రోత్ కంట్రోల్ లేని ప్రయోగాన్ని లెక్కలోకి తీసుకోకండి.

జార్ లేకపోతే ఆక్నెస్ జోలికి వెళ్లొద్దు. స్టాఫ్‌ని నాలుగు స్ట్రెయిన్లతో (ఒకే జీవిలోని వేర్వేరు రకాలతో) సరిగ్గా చేసిన పని, సగం సగం పెరిగిన ఎనిమిది జీవులతో చేసిన పని కంటే ఎంతో విలువైనది. ఈ.కోలై, బాసిల్లస్ సబ్టిలిస్ ల్యాబులో దొరికాయి కదా అని చర్మ వ్యాధి పేరు కింద చేర్చడం కూడా అనవసరం.

స్ట్రెయిన్లు సూక్ష్మజీవులను భద్రపరిచే కేంద్రాలైన చండీగఢ్‌లోని ఎంటీసీసీ నుంచో, పుణెలోని ఎన్‌సీఐఎం నుంచో తెప్పించుకోవచ్చు. అంతర్జాతీయ ప్రమాణాల్లో డిస్క్ పరీక్షకు (మందు పీల్చిన కాగితం బిళ్లను అగార్ మీద పెట్టేది) స్టాఫ్ ఏటీసీసీ (అమెరికాలోని అలాంటి కేంద్రం) 25923, ఎంఐసికి (పెరుగుదలను ఆపే కనిష్ఠ గాఢత) ఏటీసీసీ 29213 వాడతారు. రెండూ స్టాఫే అయినా ఒకదాని బదులు ఇంకొకటి పెట్టేయకూడదు, వాటి ప్రామాణిక పరిధులు వేర్వేరు. వీటితో పాటు ఆసుపత్రి ఐసోలేట్లు (రోగుల నమూనాల నుంచి వేరుచేసిన జీవులు) రెండు మూడైనా, అందులో ఒక ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్‌కు లొంగని స్టాఫ్) అయినా ఉండాలి. సెఫాక్సిటిన్ 30 మైక్రోగ్రాముల డిస్క్ చుట్టూ జోన్ 21 మి.మీ. లేదా అంతకన్నా తక్కువ ఉంటే ఆ స్టాఫ్‌ని ఎంఆర్‌ఎస్‌ఏగా లెక్కిస్తారు. రోగుల నమూనాలకు ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోవాలి. ఇంకో మాట: మీ ల్యాబులో ఉన్నది గాలిని మీ ముఖం మీదికి తోసే లామినార్ ఫ్లో అయితే అందులో వ్యాధికారక జీవులతో పనిచేయకూడదు. అది ప్లేటును కాపాడుతుంది, మిమ్మల్ని కాదు. బయోసేఫ్టీ క్యాబినెట్ కావాలి.

సారం: నీళ్లా, ఆల్కహాలా, అసిటోనా

ఇంట్లో వాడేది కషాయమో ముద్దో కాబట్టి నీటి సారం చేయడం న్యాయమే. కానీ సూక్ష్మజీవులపై పనిచేసే పదార్థాలు చాలావరకు నీటిలో సరిగా దిగవు. నీటి సారంలో చక్కెరలు, టానిన్లు, లవణాలు నిండుగా ఉంటాయి. చక్కెర ఎక్కువైతే జీవికి తిండి పెట్టినట్టే. పైగా నీటి సారం గది ఉష్ణోగ్రతలో ఒక్క రోజు ఉంటే చాలు, దానిలోనే బ్యాక్టీరియా పెరగడం మొదలవుతుంది.

మిథనాల్, 70 నుంచి 80 శాతం ఇథనాల్ ఎక్కువ రకాల పదార్థాలను లాగుతాయి. తొలి పరిశీలనకు ఇవి చాలు. తర్వాత చర్మానికి పూసే మందుగా మార్చే ఆలోచన ఉంటే మిథనాల్ వదిలి ఇథనాల్ తీసుకోండి, ద్రావకం మిగులు గురించి బెంగ తగ్గుతుంది. దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో పనిచేసిన ఎలోఫ్ 1998లో పలు ద్రావకాలను పోల్చి అసిటోన్‌ని ముందు వరుసలో నిలబెట్టారు. త్వరగా ఆవిరవుతుంది, పరీక్షలోని జీవులకు పెద్దగా హాని చేయదు, రకరకాల పదార్థాలను లాగుతుంది. హెక్సేన్ కొవ్వులు, మైనాలు, నూనెలను లాగుతుంది. కానుగ గింజ, వేప గింజ లాంటి వాటికి దాంతో మొదలుపెట్టవచ్చు, ఆకులకు మాత్రం హెక్సేన్ ఒక్కటే సరిపోదు.

మామూలు కొలత 10 గ్రాముల పొడికి 100 మి.లీ. ద్రావకం. నీడలో ఎండబెట్టిన ఆకు, 24 గంటలు షేకర్ మీద, వడకట్టి అదే పిప్పికి కొత్త ద్రావకం పోసి ఇంకో రెండు సార్లు. మూడు వడపోతలూ కలిపి రోటరీ ఎవాపరేటర్‌లో 40 డిగ్రీలు దాటకుండా ఆరబెట్టాలి. సాక్స్‌లెట్ (వేడి ద్రావకాన్ని పదేపదే పొడి మీదుగా తిప్పే పరికరం) వేగంగా పని ముగిస్తుంది, కానీ తులసి లాంటి సుగంధ ఆకులకు అది తగదు, గంటల తరబడి వేడికి వాసన నూనెలు పోతాయి. మిగిలిన జిగురులో ద్రావకం ఇంకా ఉందేమో చూడడానికి రెండు రోజులు వరుసగా తూకం వేయండి. తూకం మారకపోతేనే ఆరినట్టు. ఆరని మిథనాల్ కూడా జోన్ ఇస్తుంది.

మొక్కను గుర్తించిన ఆధారం లేకపోతే ఇదంతా గాలిలో మేడే. పువ్వు లేదా కాయతో ఉన్న కొమ్మను హెర్బేరియంలో జమ చేసి వోచర్ నంబరు తీసుకోండి. హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే దక్కన్ ప్రాంతీయ కేంద్రం, విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర విభాగాలు ఈ పనికి దిక్కు. పచారీ కొట్లో కొన్న పొడితో మొదలుపెట్టకండి. పసుపు పొడిలో ఏం కలిసిందో ఎవరికి తెలుసు?

డిస్కా, వెల్లా

1966లో బావర్, కర్బీ బృందం డిస్క్ పద్ధతిని ప్రామాణికం చేసినప్పుడు వాళ్ల చేతిలో ఉన్నవి శుద్ధమైన యాంటీబయాటిక్‌లు. నీటిలో కరిగి అగార్‌లో హాయిగా పాకే చిన్న అణువులు. ఆ పద్ధతిని ముడి సారానికి అన్వయించినప్పుడు అందులోని ఊహలు చాలావరకు చెల్లవు. పసుపులోని కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు, డిస్క్ దగ్గరే కూర్చుంటుంది. జోన్ చిన్నదిగా వస్తుంది, అసలు రాకపోనూ వచ్చు. దాన్ని చూసి కర్క్యుమిన్‌కు పనితనం లేదనడం కుదరదు.

డిస్క్‌కి, వెల్‌కి మధ్య తేడా ముఖ్యంగా ఎంత సారం పడుతుందన్నదే. 6 మి.మీ. కాగితం డిస్క్ 20 మైక్రోలీటర్లకు మించి సరిగా పీల్చదు. 6 నుంచి 8 మి.మీ. వెల్‌లో 50 నుంచి 100 మైక్రోలీటర్లు పోయవచ్చు. 100 మి.గ్రా./మి.లీ. స్టాక్ తీసుకుంటే డిస్క్ మీద 2 మి.గ్రా., వెల్‌లో 10 మి.గ్రా. సారం ఉన్నట్టు. పక్కన పోలికకు పెట్టిన జెంటామైసిన్ డిస్క్‌లో ఉండేది 10 మైక్రోగ్రాములు. అంటే డిస్క్‌లోని సారం దానికి 200 రెట్లు, వెల్‌లోని సారం 1000 రెట్లు. జోన్లు సమానంగా వచ్చాయని సంబరపడే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

వెల్‌కి మొగ్గు చూపాల్సిన సందర్భాలు: నీటి సారం, పలచని సారం, తడి ఎక్కువ ఉన్న రసం. డిస్క్‌కి మొగ్గు చూపాల్సినవి: ఆల్కహాల్, అసిటోన్, హెక్సేన్ సారాలు. డిస్క్ మీద చుక్క వేసి ద్రావకం పూర్తిగా ఆవిరయ్యాక పెట్టవచ్చు కాబట్టి ద్రావకం గొడవ తొలగిపోతుంది. 5 మైక్రోలీటర్ల చొప్పున వేస్తూ మధ్యలో ఆరనివ్వాలి. ఒకేసారి 20 పోస్తే సారం అంచుకు చేరి గట్టిపడుతుంది.

ఏది ఎంచుకున్నా ప్లేటు సరిగ్గా ఉండాలి. ముల్లర్ హింటన్ అగార్ లీటరుకు 38 గ్రాములు, 121 డిగ్రీల వద్ద 15 నిమిషాలు, పీహెచ్ 7.2 నుంచి 7.4. 90 మి.మీ. ప్లేటుకు సుమారు 25 మి.లీ. పోస్తే మందం 4 మి.మీ. వస్తుంది. మందం పెరిగితే సారం కిందికి దిగి జోన్ తగ్గుతుంది, పలచబడితే జోన్ ఉండాల్సినదానికన్నా పెద్దదవుతుంది. బల్ల వాలుగా ఉంటే ఒకే ప్లేటులో ఒక పక్క 3, మరో పక్క 5 మి.మీ. వస్తాయి. స్పిరిట్ లెవెల్ పెట్టి చూసుకోండి. ఇనాక్యులం (ప్లేటుకు పూసే జీవి ద్రవం) 0.5 మాక్‌ఫార్లండ్ (మసకను కొలిచే ప్రమాణం), అంటే మి.లీ.కి దాదాపు 1.5×10⁸ కణాలు, 625 నానోమీటర్ల దగ్గర ఓడీ (కాంతిని అడ్డుకునే మోతాదు) 0.08 నుంచి 0.13. ఈ ప్రమాణాన్ని ల్యాబులోనే చేసుకోవచ్చు: 1.175 శాతం బేరియం క్లోరైడ్ డైహైడ్రేట్ 0.5 మి.లీ., 1 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం 99.5 మి.లీ. కలిపి వాడే ముందు బాగా కుదపాలి. కలిపిన సస్పెన్షన్‌ని 15 నిమిషాల్లోపు ప్లేటుకు పూయాలి. 35 డిగ్రీల వద్ద 16 నుంచి 18 గంటలు.

వెల్‌లో తరచూ వచ్చే తంటా అడుగున లీకవడం. కార్క్ బోరర్‌తో కోసిన ముక్కను తీసేటప్పుడు అగార్ ప్లేటు అడుగు నుంచి కొద్దిగా లేస్తే సారం కింద పాకి, ఒక పక్కకు సాగిన వంకర జోన్ ఇస్తుంది. వెల్ అడుగున కరిగించిన అగార్ చుక్క వేసి మూసేయాలి. గుండ్రంగా లేని జోన్‌ని సగటులో కలపకుండా ఆ ప్లేటు తీసేయండి.

ఆమ్లం ఇంకో మాయ. ఉసిరి, కరక్కాయ, చింతపండు సారాల పీహెచ్ బాగా తక్కువ. ఆ పులుపుకే బ్యాక్టీరియా పెరగక జోన్ వస్తుంది. అదే పీహెచ్‌కు తెచ్చిన నీటిని ఒక వెల్‌లో పోసి చూడండి. ఆ వెల్‌కీ అంతే జోన్ వస్తే అది మొక్క గొప్పతనం కాదు. సారం పీహెచ్ కొలవకుండా ఈ కాయల మీద నివేదిక రాయకూడదు.

డీఎంఎస్ఓ (సారాన్ని కరిగించే ద్రావకం) కంట్రోల్, యాంటీబయాటిక్ డిస్క్ కంట్రోల్ ప్రతి ప్లేటులోనూ ఉండాలి. ఏటీసీసీ 25923 మీద జెంటామైసిన్ 10 మైక్రోగ్రాముల జోన్ 19 నుంచి 27 మి.మీ., సిప్రోఫ్లాక్సాసిన్ 5 మైక్రోగ్రాముల జోన్ 22 నుంచి 30 మి.మీ. మధ్య పడాలి. పడకపోతే ఆ రోజు కొలతలన్నీ పక్కన పెట్టాలి. జోన్ కొలతలో డిస్క్ వ్యాసం కలిసే ఉంటుంది. 6 మి.మీ. అని రాస్తే దాని అర్థం జోన్ లేదని. పట్టికలో ‘6 మి.మీ., స్వల్ప ప్రభావం’ అని కనిపిస్తే ఆ పట్టికను నమ్మలేం.

మైక్రోడైల్యూషన్: అసలు అంకె ఇక్కడే

ఎంత సారం ఉంటే పెరుగుదల ఆగుతుందన్నది ఎంఐసి. రెండు మొక్కలను పోల్చాలన్నా, ఒకే మొక్కలో రెండు ద్రావకాలను పోల్చాలన్నా ఈ అంకె కావాలి. 96 వెల్స్ ప్లేటు, మల్టీచానల్ పిపెట్ ఉంటే డిస్క్ కంటే సారం తక్కువే పడుతుంది.

ఒక వరస ఇలా వేయవచ్చు. సారం స్టాక్ 100 మి.గ్రా./మి.లీ., పూర్తి డీఎంఎస్ఓలో. దాన్ని కాటయాన్లు సరిచేసిన ముల్లర్ హింటన్ బ్రాత్‌లో 50 రెట్లు పలచన చేస్తే 2 మి.గ్రా./మి.లీ., డీఎంఎస్ఓ 2 శాతం. మొదటి వెల్‌లో ఇది 200 మైక్రోలీటర్లు, 2 నుంచి 10 దాకా ఖాళీ బ్రాత్ 100 చొప్పున. మొదటి వెల్ నుంచి 100 తీసి రెండోదాంట్లో కలిపి, అక్కణ్ణుంచి మూడోదాంట్లోకి, అలా పదోదాని దాకా వెళ్లి చివరి 100 పారేయాలి. 11వ వెల్ గ్రోత్ కంట్రోల్, దాంట్లో 2 శాతం డీఎంఎస్ఓ ఉన్న బ్రాత్ 100. 12వది జీవి లేని బ్రాత్ 200. తర్వాత 1 నుంచి 11 దాకా ఇనాక్యులం 100 చొప్పున. 0.5 మాక్‌ఫార్లండ్‌ని 150 రెట్లు పలచన చేస్తే 10⁶ వస్తుంది, వెల్‌లో కలిశాక 5×10⁵. సారం గాఢత 1000 మైక్రోగ్రాములు/మి.లీ. నుంచి సగం సగం తగ్గుతూ సుమారు 2 దాకా వెళుతుంది. డీఎంఎస్ఓ ఎక్కడా 1 శాతం దాటదు. మొత్తం వరసకు పట్టిన సారం 0.4 మి.గ్రా. డిస్క్ ఒక్కదానికే 2 మి.గ్రా. పట్టిందని గుర్తుంచుకోండి.

ఇక ఇబ్బందులు. డీఎంఎస్ఓలో కరిగిన సారం బ్రాత్ తగలగానే తెల్లగానో పచ్చగానో విరిగిపోతుంది. మబ్బుగా ఉన్న వెల్‌లో బ్యాక్టీరియా పెరిగిందా, సారం అడుగంటిందా కంటితో చెప్పలేం. ప్లేటు రీడర్ ఓడీ కూడా మోసపోతుంది. అందుకే రంగు సూచిక వాడతారు: 18 గంటల తర్వాత 0.015 శాతం రెజాజురిన్ 30 మైక్రోలీటర్లు వేసి గంట రెండు గంటలు ఉంచితే బతికిన కణాలు ఉన్న చోట నీలం గులాబీ అవుతుంది. ఎలోఫ్ పద్ధతిలో ఐఎన్‌టీ అనే మరో రంగు సూచిక 0.2 మి.గ్రా./మి.లీ. 40 మైక్రోలీటర్లు, ఎరుపు వస్తే పెరుగుదల ఉన్నట్టు.

అయితే ఈ రంగులు మారేది క్షయకరణం వల్ల. మొక్కల్లోని ఫినాల్‌లు, టానిన్లు ఏ బ్యాక్టీరియా లేకుండానే రెజాజురిన్ రంగు మార్చగలవు. గోరింటాకులోని లాసోన్ తానే రంగు, తానే క్షయకరణ చర్యల్లో పాల్గొనే క్వినోన్. కనుక సారం ఉండి జీవి లేని వరస ఒకటి తప్పనిసరి. ఆ వరసలోనూ గులాబీ వస్తే రంగు సూచిక వదిలేయండి. ఒక్కో వెల్ నుంచి 10 మైక్రోలీటర్లు తీసి తాజా అగార్ మీద చుక్కలు పెట్టి మర్నాడు చూడండి. పాతకాలపు పద్ధతే కానీ దాన్ని ఏ రంగూ మోసం చేయలేదు. 99.9 శాతం కణాలు చచ్చిన కనిష్ఠ గాఢత ఎంబీసీ. అందుకు ఇనాక్యులం కణాలను మొదటే లెక్కబెట్టి ఉండాలి.

అంచు వెల్స్ ఎండిపోతాయి. మూత అంచున పారాఫిల్మ్ చుట్టి తడి డబ్బాలో ఉంచాలి. తులసి నూనె, లవంగ నూనె లాంటివి ఆవిరై పక్క వరసలో కూడా జీవిని చంపేస్తాయి, అప్పుడు కంట్రోల్ వెల్ కూడా పెరగదు. నూనెలకు ఒక్కోదానికి వేరే ప్లేటు కేటాయించి అంటుకునే సీలు వేయండి, నూనె నీటిలో విడిపోకుండా ఉండడానికి ట్వీన్ 80 (నూనెను నీటిలో కలిపి ఉంచే పదార్థం) 0.5 శాతం కలపండి, అదే మోతాదు కంట్రోల్‌లోనూ ఉండాలి. సారాన్ని వడపోసి శుద్ధి చేయాలంటే 0.22 మైక్రాన్ నైలాన్ లేదా పీటీఎఫ్ఈ ఫిల్టర్ వాడాలి. సెల్యులోజ్ ఎసిటేట్, నైట్రేట్ పొరలను డీఎంఎస్ఓ కరిగించేస్తుంది.

అగార్ డైల్యూషన్: వదిలేసిన మంచి పద్ధతి

ముదురు రంగు, మబ్బు, జిగురు సారాలకు ఇదే సరైనది, అయినా పెద్దగా ఎవరూ చేయరు. సారాన్ని 45 నుంచి 50 డిగ్రీల వద్ద ఉన్న కరిగిన అగార్‌లో కలిపి పోస్తారు. పాకడం అన్న ప్రశ్నే లేదు, సారం అంతటా ఉంటుంది. పైన ఒక్కో చుక్కకు 10⁴ కణాలు ఉండేలా 1 నుంచి 2 మైక్రోలీటర్లు పెడతారు. చుక్క పెరిగిందా లేదా, అంతే. సారం రంగు అడ్డు రాదు.

ఖర్చు సారంలో పడుతుంది. 20 మి.లీ. ప్లేటుకు 1000 మైక్రోగ్రాముల గాఢతకు 20 మి.గ్రా. కావాలి. అయిదు గాఢతలకు కలిపి దాదాపు 39 మి.గ్రా. కానీ ఒక్క ప్లేటు మీద పాతిక ముప్ఫై ఐసోలేట్లు పెట్టవచ్చు. ఆసుపత్రి స్ట్రెయిన్లు ఎక్కువుండి సారం గ్రాముల్లో ఉన్నవాళ్లకు ఇంతకన్నా మంచిది లేదు. మల్టీచానల్ పిపెట్ కూడా లేని కాలేజీ ల్యాబులో ఎంఐసి తెచ్చుకునే దారి ఇదే. అగార్ వేడిగా ఉండగా సారం పోస్తే సుగంధ నూనెలు పోతాయి, చల్లబడ్డాక పోస్తే గడ్డలు కడుతుంది. వాటర్ బాత్‌లో థర్మామీటర్ పెట్టి చూసుకోవడమే మార్గం.

తామర శిలీంధ్రాలకు వేరే దారి

ట్రైకోఫైటాన్ మీద డిస్క్, వెల్ పద్ధతులు పెట్టుకోకండి. నెమ్మదిగా పెరిగే బూజు నాలుగైదు రోజులు తీసుకునేలోగా సారం అంతా పాకి పలచబడుతుంది, జోన్ అంచు చెదిరిపోతుంది. రెండు పద్ధతులు పనికొస్తాయి.

తేలికైనది పాయిజన్డ్ ఫుడ్. సారం కలిపిన సాబొరాడ్ అగార్ మధ్యలో 6 మి.మీ. బూజు ముక్క పెట్టి, 28 డిగ్రీల వద్ద కంట్రోల్ ప్లేటులో బూజు బాగా పరుచుకునే దాకా, అంటే 7 నుంచి 14 రోజులు ఉంచి, రెండు వ్యాసాలు కొలిచి నిరోధ శాతం లెక్కగడతారు: కంట్రోల్ వ్యాసం నుంచి పరీక్ష వ్యాసం తీసేసి, కంట్రోల్‌తో భాగించి, 100తో గుణించడం. రెండిట్లోంచీ ముక్క 6 మి.మీ.ని ముందే తీసేయాలి, లేకపోతే శాతం తక్కువగా వస్తుంది. పరికరాలేమీ అక్కర్లేదు. సారం ఎక్కువ పడుతుంది, రోజులు పడుతుంది.

కచ్చితమైనది సీఎల్ఎస్ఐ (ల్యాబు ప్రమాణాలు నిర్ణయించే సంస్థ) వారి ఎం38 పద్ధతి. ఎంఓపీఎస్ బఫర్‌తో పీహెచ్ 7.0 చేసిన ఆర్‌పీఎంఐ 1640 మాధ్యమంలో మి.లీ.కి 1 నుంచి 3×10³ కొనిడియాలు (బూజు బీజాలు), 35 డిగ్రీలు, 4 రోజులు, 80 శాతం పెరుగుదల తగ్గిన చోట ఎంఐసి. ఇక్కడ కష్టమంతా కొనిడియాలు సంపాదించడంలోనే. ట్రైకోఫైటాన్ రూబ్రమ్ సాబొరాడ్ మీద తెల్లటి దూది లాంటి బూజే ఇస్తుంది, కొనిడియాలు పెద్దగా రావు. ఓట్‌మీల్ అగార్ మీద 30 డిగ్రీల వద్ద 4, 5 రోజులు పెంచితే వస్తాయి. బూజు తంతువులు కలిసిపోకుండా సస్పెన్షన్‌ని కాసేపు నిలబెట్టి పై భాగం తీసి, హీమోసైటోమీటర్‌లో లెక్కబెట్టాలి.

ఏ జాతి మీద పరీక్షిస్తున్నారన్నది ఈ మధ్య మరీ ముఖ్యమైంది. మన దేశంలో మొండి తామర వెనుక ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్నది 2020లో కొత్త పేరు పెట్టిన ట్రైకోఫైటాన్ ఇండోటినీ. స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ జన్యువులో మార్పు వల్ల ఇది చాలాసార్లు తామర మందు టెర్బినాఫిన్‌కు లొంగదు. సీమ అవిసె ఆకు సారం పాత ప్రయోగశాల స్ట్రెయిన్ మీద పనిచేయడం ఒక సంగతి, ఇండోటినీ మీద పనిచేయడం మరో సంగతి. రెండోదే ఇప్పుడు రోగికి అవసరం. అప్పుడు పాజిటివ్ కంట్రోల్‌గా టెర్బినాఫిన్ ఒక్కటే పెడితే చాలదు, మరో శిలీంధ్ర మందు ఇట్రాకొనజోల్ కూడా పక్కన ఉండాలి.

కాండిడాకి ఈ అవస్థ లేదు, సీఎల్ఎస్ఐ వారి ఎం27 పద్ధతిలో 24 గంటల్లో తేలిపోతుంది.

ఏ పదార్థం పనిచేస్తుందో కావాలంటే

టీఎల్‌సీ (పలుచటి పొర మీద పదార్థాలను విడగొట్టే పద్ధతి) బయోఆటోగ్రఫీ. సారాన్ని సిలికా ప్లేటు మీద విడగొట్టి, దాని మీద స్టాఫ్ కలిపిన అగార్ పలచగా పోసి, మర్నాడు ఎంటీటీ (బతికిన కణాలున్న చోట ఊదా అయ్యే రంగు సూచిక) చల్లితే ఊదా రంగు మధ్య తెల్లటి మచ్చ ఎక్కడ కనిపిస్తే అక్కడ పనిచేసే పదార్థం ఉన్నట్టు. అయితే ఈ పరీక్ష ఎంఐసి చెప్పదు. రెండు పదార్థాలు కలిస్తేనే పనిచేసే సారం అయితే విడిపోయాక ఏ మచ్చా రాకపోవచ్చు. ఆమ్లం కలిపిన మొబైల్ ఫేజ్ వాడితే రాత్రంతా ఫ్యాన్ కింద ఆరనివ్వాలి.

చంపుతుందా, పెరగకుండా ఆపుతుందా, ఎంతసేపట్లో అన్నదానికి టైమ్ కిల్ పరీక్ష. శ్రమ ఎక్కువ. ఎంఐసి బాగా తక్కువ వచ్చిన ఒకటి రెండు సారాలకే కేటాయించండి.

మీ పరిస్థితికి ఏది

పదిహేను ఇరవై మొక్కలున్నాయి, వాటిలో దేనితో ముందుకెళ్లాలో తేలాలంటే నేరుగా మైక్రోడైల్యూషన్ చేయండి, డిస్క్ దశ దాటేయండి. పాకని పదార్థాలున్న మంచి మొక్కలు డిస్క్ దగ్గరే జారిపోతాయి. ప్లేటు, పిపెట్ లేకపోతే అగార్ డైల్యూషన్‌లో 1000, 250 మైక్రోగ్రాములు రెండే గాఢతలతో వడబోయండి. డిగ్రీ విద్యార్థులకు ప్రాక్టికల్‌గా చూపించడానికైతే డిస్క్ చాలు, జోన్ ఉందా లేదా అన్నంత వరకే రాయించండి. చేతిలో మి.గ్రా.లలోనే ఉన్న శుద్ధమైన పదార్థానికి మైక్రోడైల్యూషన్ తప్ప ఇంకేదీ వద్దు. సుగంధ నూనెకు సీలు వేసిన మైక్రోడైల్యూషన్. తామరకు పాయిజన్డ్ ఫుడ్‌తో మొదలుపెట్టి, మంచి ఫలితం వచ్చిన వాటిని ఎం38కి తీసుకెళ్లండి.

ద్రావకాలను పోల్చేటప్పుడు ఎంఐసి ఒక్కటీ చూడకండి. ఉదాహరణకు గ్రాము పొడి నుంచి మిథనాల్‌లో 150 మి.గ్రా. సారం, ఎంఐసి 0.5 మి.గ్రా./మి.లీ. హెక్సేన్‌లో 30 మి.గ్రా., ఎంఐసి 0.25 అనుకోండి. ఎంఐసి ప్రకారం హెక్సేన్ మెరుగు. కానీ 150ని 0.5తో భాగిస్తే 300, 30ని 0.25తో భాగిస్తే 120. అంటే గ్రాము ఆకులోని మందుగుణాన్ని మిథనాల్ సారంగా 300 మి.లీ. దాకా పలచన చేసినా స్టాఫ్ పెరగదు. దీన్ని టోటల్ యాక్టివిటీ అంటారు. ఊళ్లో ఆకు తెచ్చి మందు చేసేవాళ్లకు పనికొచ్చే అంకె ఇదే.

అంకె వచ్చాక

2005లో స్పెయిన్ పరిశోధకులు రియోస్, రెసియో గట్టిగా చెప్పిన మాట ఉంది: ముడి సారాన్ని 1 మి.గ్రా./మి.లీ. మించిన గాఢతలో పరీక్షించడం మానండి, 100 మైక్రోగ్రాముల లోపు పనిచేస్తేనే ఆసక్తికరం, శుద్ధ పదార్థమైతే 10 లోపు. దాన్ని పాటించండి. 25 మి.గ్రా./మి.లీ. దగ్గర స్టాఫ్ ఆగిందంటే అంత చిక్కటి సారంలో ఉప్పు, ఆమ్లం, టానిన్ కలిసి ఏ జీవినైనా ఆపుతాయి.

ఎంఐసి తక్కువ వచ్చినంతనే చర్మానికి మంచిదని కాదు. అదే సారాన్ని హెచ్‌ఎక్యాట్ వంటి మానవ చర్మ కణాల మీద పరీక్షించి సగం కణాలు చచ్చే గాఢత కనుక్కోవాలి. అది ఎంఐసి కంటే చాలా రెట్లు ఎక్కువగా ఉంటేనే ముందుకెళ్లాలి. రెండూ దగ్గరదగ్గరగా ఉంటే ఆ సారం సూక్ష్మజీవితో పాటు చర్మాన్నీ కాల్చేస్తుంది. అలాగే మీ బ్రాత్ పీహెచ్ 7.3, ఆరోగ్యమైన చర్మం పైపొర 4.5 నుంచి 5.5 మధ్య ఉంటుంది. కర్క్యుమిన్ లాంటివి క్షార మాధ్యమంలో త్వరగా విరిగిపోతాయి కాబట్టి పీహెచ్ 5.5కి తెచ్చిన బ్రాత్‌లో కూడా ఒక వరస వేసి చూడండి, స్టాఫ్ అక్కడా పెరుగుతుంది. ఆ గ్రోత్ కంట్రోల్ విడిగా పెట్టుకోవాలి.

నివేదికలో వోచర్ నంబరు, ద్రావకం, గ్రాముకు వచ్చిన సారం, స్టాక్ గాఢత, డీఎంఎస్ఓ చివరి శాతం, ఇనాక్యులం, ఎంఐసి మైక్రోగ్రాములు/మి.లీ.లో, కంట్రోల్ మందు ఎంఐసి పక్కనే అదే ప్రమాణంలో ఉండాలి. ఏటీసీసీ 29213 మీద జెంటామైసిన్ ఎంఐసి 0.12 నుంచి 1, వాంకోమైసిన్ 0.5 నుంచి 2 మధ్య రావాలి. ప్రయోగం మూడు వేర్వేరు రోజుల్లో చేయాలి. ఒకే రోజు మూడు వెల్స్ వేసి మూడు సార్లు చేశామని రాయకూడదు. మూడు రోజుల ఎంఐసిలు ఒక మెట్టు అటూ ఇటూ, అంటే 125 బదులు 250 వస్తే ఫర్వాలేదు. రెండు మెట్లు దాటితే ఇనాక్యులం లెక్క చూడండి, తర్వాత స్టాక్ అడుగున పేరుకున్న మడ్డి చూడండి.